మూలభక్తులూ, వీరాభిమానులూ

1

పురాణకథ మీద సినిమా వచ్చినప్పుడల్లా మన ఊళ్లలో రెండు పక్షాలు తయారవుతాయి. మొదటి పక్షంవారు “మూలాన్ని చెడగొట్టారు” అంటారు. రెండో పక్షంవారు “మా హీరో సినిమా ఆడుతున్నది, మీకెందుకు ఏడుపు?” అంటారు. మొదటివారిని మూలభక్తులందాం, రెండోవారు ఎలాగూ తమను తాము వీరాభిమానులనే చెప్పుకుంటారు. ఈ రెండు పక్షాలూ కాఫీ హోటళ్లలో, సినిమా హాళ్ల ముందర, కాలేజీ వరండాల్లో తెగ కొట్టుకుంటూ వుంటాయి. కాని జాగ్రత్తగా వింటే ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట అని తేలుతుంది. కథ మారినప్పుడు ఆ మార్పు ఎవరికి మేలు చేసింది, ఎవరి నెత్తిన బండ వేసింది అనే ప్రశ్న ఇద్దరికీ అక్కరలేదు. ఆ ప్రశ్న అడగకుండా సాగే అభిప్రాయాన్ని విమర్శ అనడానికి వీల్లేదనేదే నా వాదన.

నేను మండపేటలో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పుకునేవాణ్ణి. ఈ ఊరు బియ్యం మిల్లుల ఊరు. సినిమా పిచ్చికి కూడా తక్కువ లేదు. 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏ.డి.’ విడుదలయింది. ఆ తర్వాత వారం పది రోజులు నా క్లాసులో పాఠం సాగలేదు. సినిమా చివర్లో కథానాయకుడు కర్ణుడని తేలుతుంది గదా! దాంతో కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని రెండు బెంచీల మధ్య కురుక్షేత్రం మొదలయింది. ఎవరు ఎన్ని బాణాలు వేశారు, ఎవరు ఎవరికి భయపడి పారిపోయారు అని లెక్కలు తీశారు. నన్నయ పాఠం చెప్పేటప్పుడు నిద్రపోయే కుర్రాళ్లు భారతంలోని పర్వాల పేర్లు వల్లిస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల సంతోషమే వేసింది.

ఆ గొడవ సద్దుమణిగాక అందరూ వెళ్లిపోయారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి అడిగింది: “మాస్టారండీ, రాముడు సీతమ్మని అడవికి పంపింది చాకలాయన మాట వల్లేనా అండీ? అది వాల్మీకే రాశాడా?”

ఎందుకమ్మా అన్నాను. చిన్నప్పుడు టీవీలో ‘లవకుశ’ వేసిన మర్నాడల్లా బడిలో పిల్లలు తనను చూపించి “సీతను అడవికి పంపినోళ్లు మీరే” అని ఏడిపించేవారట. వాళ్ల నాన్నది ఇప్పటికీ ఇస్త్రీ బండి.

నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఉత్తర రామకథ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఆ చాకలి మాటను నేనే స్వయంగా, నవ్విస్తూ చెప్పాను. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీపడ్డ జవాబు.

2

ముందుగా మూలభక్తుల సంగతి చూద్దాం. మూలం, మూలం అంటారు. ఏది మూలం?

మా ఊరికి కూతవేటు దూరంలో, రాజమహేంద్రవరంలో, పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం తెనిగించడానికి పూనుకున్నాడు. ఆయన వ్యాసుణ్ణి శ్లోకానికి పద్యంగా దించాడా? లేదు. తగ్గించాడు, పెంచాడు, తనకు కావలసిన చోట నిలిచాడు, అక్కరలేని చోట దాటిపోయాడు. తర్వాత తిక్కన వచ్చి, ఏడువందల శ్లోకాల భగవద్గీతను కొద్ది పద్యాల్లో ముగించేశాడు. ఈనాడు ఏ సినిమా దర్శకుడైనా ఆ పని చేస్తే హాళ్ల మీద రాళ్లు పడేవి. తిక్కనను మాత్రం మనం కవిబ్రహ్మ అన్నాం. సరిగ్గానే అన్నాం.

రామాయణం చూడండి. రంగనాథ రామాయణంలో ఉడుత వచ్చి వారధికి ఇసుక మోసింది. వాల్మీకిలో ఆ ఉడుత లేదు. లక్ష్మణుడు గీసిన గీత అరణ్యకాండలో లేదు. మన ఆడవాళ్లు దంచుకుంటూ, విసురుకుంటూ పాడుకున్న ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఏ సంస్కృత గ్రంథానికీ అనువాదం కాదు. పద్నాలుగేళ్లు మొగుడు వదిలి వెళ్లిన ఇల్లాలి గతి ఏమిటని మహర్షి అడగలేదు. అడిగినవాళ్లు ఆడవాళ్లు. ఆ పాటలో నిద్రలేచిన ఊర్మిళ లక్ష్మణుణ్ణి పోల్చుకోలేక పరాయి మగవాడనుకుని చీవాట్లు పెడుతుంది. ఇది మూలాన్ని చెడగొట్టడమా? మూలం వదిలిపెట్టిన మనిషిని కథలోకి తెచ్చుకోవడమా?

భారతానికి కూడా ఒకే ఒక్క పాఠం ఎన్నడూ లేదు. పూనాలోని భండార్కర్ సంస్థ పండితులు దేశమంతటి వ్రాతప్రతులు కూడబెట్టి, దశాబ్దాలపాటు సరిచూసి, 1966 నాటికి ఒక పరిష్కృత ప్రతిని పూర్తిచేశారు. స్వయంవరంలో ద్రౌపది “సూతుణ్ణి వరించను” అన్న మాట ఆ పరిష్కృత పాఠంలో లేదు, అడుగున పాఠాంతరాల్లో వుంది. కర్ణుడి పక్షాన వాదించే కుర్రాడికీ, అర్జునుడి పక్షాన వాదించే కుర్రాడికీ ఈ మాటే ముఖ్యమైన సాక్ష్యం. ఆ సాక్ష్యమే కొన్ని ప్రతుల్లో వుంది, కొన్నింట్లో లేదు. ఇక ఎవరి మూలం? ఎక్కడి మూలం?

తెలుగువాడు గుండెకు హత్తుకున్న ‘మాయాబజార్’ సంగతి? 1957 మార్చి 27న విడుదలయిన ఆ చిత్రంలో పాండవులు ఒక్క క్షణం కూడా కనిపించరు. బలరాముడికి శశిరేఖ అనే కూతురుండడం, ఆమెను లక్ష్మణకుమారుడికి ఇవ్వబోవడం, ఘటోత్కచుడు మాయాశశిరేఖ అయి పెళ్లిని రసాభాస చెయ్యడం వ్యాసుడు ఎరుగడు. ఇది జనం కథ, నాటకాల కథ. 1936లోనే ఒకసారి తెర కెక్కింది. పింగళి నాగేంద్రరావు మాటలూ, కె.వి. రెడ్డి దర్శకత్వమూ దానికి శాశ్వతత్వం తెచ్చాయి. మూలభక్తులెవరూ దాని మీద ఈగ వాలనివ్వరు. అంటే, వాళ్ల అసలు అభ్యంతరం మార్పు మీద కాదు. తమకు అలవాటైన మార్పులు మూలమైపోయాయి, కొత్త మార్పులు అపచారమైపోయాయి. అంతే!

3

ఇప్పుడు నా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు వస్తాను.

వాల్మీకి ఉత్తరకాండలో చాకలి లేడు. రాముడు కొలువులో వుండగా, ఊళ్లో జనం నన్ను గురించి ఏమనుకుంటున్నారని భద్రుడనే వాణ్ణి అడుగుతాడు. వాడు సంకోచించి, చివరకు చెబుతాడు. వీధుల్లో, కూడళ్లలో, తోటల్లో పౌరులు సీత గురించి ఇలా అనుకుంటున్నారని. ఆ మాట అన్నది ఊరు. పెద్దలూ చిన్నలూ, వున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ అన్నారు. తర్వాతి కాలపు పురాణాల్లో, కథల్లో ఆ ‘ఊరు’ కుంచించుకుపోయి ఒక్క మనిషయింది. ఆ మనిషికి ఒక కులం వచ్చింది. ఊళ్లోని మురికి బట్టలన్నీ ఉతికే కులానికి, ఊరి నోట్లోని మురికి కూడా అంటగట్టారు.

1963లో వచ్చిన ‘లవకుశ’ తెలుగులో మొదటి రంగుల చిత్రం. కాకినాడవారైన సి. పుల్లయ్యగారు అదే కథను 1934లో ఒకసారి తీశారు. రెండోసారి ఆయనా, ఆయన కుమారుడు సి.ఎస్. రావుగారూ కలిసి పూర్తిచేశారు. ఘంటసాల స్వరం, సీతగా అంజలీదేవి కన్నీరు నేను కాదనను. మా అమ్మ ఆ సినిమా చూసి ఏడవని రోజు లేదు, నేనూ ఏడ్చాను. సీత పక్షాన తెలుగునాట ఇంతమంది కన్నీళ్లు పెట్టుకున్నారంటే అందులో ఆ చిత్రం పాత్ర చాలా వుంది. కాని అందులోనే రేలంగి, గిరిజ ఆలుమగలైన చాకళ్లుగా వేసి హాస్యం పండించారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు దశాబ్దాల తర్వాత ఒక చిన్నపిల్ల మీద, మా డెల్టాలోనే ఒక బడిలో పడింది.

ఇక్కడ నేను మూలభక్తులను సూటిగా ఒక ప్రశ్న అడుగుతాను. 2022 అక్టోబరులో ‘ఆదిపురుష్’ ముందస్తు తునక చూపించినప్పుడు మీరు ఎంత గొడవ చేశారు! రావణుడి జుట్టు కత్తిరింపు మీద, గడ్డం మీద, హనుమంతుడి తోలు పట్టీల మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చారు! వాల్మీకి ఇలా చెప్పలేదని ఎంత బెంగపెట్టుకున్నారు! ఆరు దశాబ్దాలుగా వాల్మీకి చెప్పని చాకలి మన తెర మీద, మన బుర్రకథల్లో, మన తరగతి గదుల్లో తిరుగుతుంటే మీలో ఒక్కరికైనా మూలం గుర్తుకు రాలేదేం? రావణుడి క్షవరానికి వున్న విలువ బతికివున్న మనుషుల పరువుకు లేదా?

ఇంకొక మాట. మూలమే శిరోధార్యమైతే పూర్తిగానే శిరసావహించండి. అదే ఉత్తరకాండలో తపస్సు చేసిన నేరానికి శంబూకుడి తల తెగింది. త్రిపురనేని రామస్వామి చౌదరి దాని మీద ‘శంబుకవధ’ నాటకం రాస్తే మీ పూర్వులు ఆయన్ని తిట్టిపోశారు. ఆయన చేసిన నేరం మూలాన్ని చదవడమే. ‘ఉత్తరకాండ ప్రక్షిప్తం’ అని మీరు తప్పుకోవచ్చు. మంచిది. ఏది ప్రక్షిప్తమో తేల్చే హక్కు మీకుంటే, ఆ హక్కు రంగనాయకమ్మకూ వుంటుంది, ఓల్గాకూ వుంటుంది, నా క్లాసులోని ఆ అమ్మాయికీ వుంటుంది.

4

ఇంత అన్నానని ‘ఆదిపురుష్’ను నేను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. 2023 జూన్ 16న విడుదలయిన ఆ చిత్రం మీద జనానికి వచ్చిన కోపం న్యాయమైనదే. కాని ఆ కోపానికి చెప్పుకున్న కారణం తప్పు.

ప్రతి హాల్లోనూ హనుమంతుడి కోసం ఒక కుర్చీ ఖాళీగా వుంచుతామని నిర్మాతలు ప్రకటించారు. సినిమాలో ఆ హనుమంతుడి చేతనే సందు చివర కుర్రాళ్ల తగాదా భాష మాట్లాడించారు. గొడవ ముదిరాక కొద్ది రోజులకే సంభాషణలు మార్చారు. ‘దేవుణ్ణి అవమానించారు’ అన్నారు మూలభక్తులు. నేనంటాను, అవమానం జరిగింది ప్రేక్షకుడికి. కిష్కింధాకాండలో హనుమంతుడి తొలి పలుకులు విని రాముడు ఆశ్చర్యపోతాడు. ఇంత సేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదే, ఇతడు వ్యాకరణమంతా చదివినవాడు సుమా అని లక్ష్మణుడితో అంటాడు. అడవిలో తిరిగే వానరుడు మాటతో ఒక రాజకుమారుణ్ణి గెలుచుకున్నాడు! ఎంత గొప్ప ఊహ అది! దాన్ని పారేసి, మాస్ జనానికి ఇంతకన్న అర్థం కాదని లెక్కగట్టి, బజారు మాట పెట్టారు. కుర్చీ ఇచ్చారు గాని మాట ఇవ్వలేకపోయారు.

వాడుకభాష పెట్టడమే తప్పా? ముమ్మాటికీ కాదు. ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడి కొలువులో రాక్షసులు పలికే మాటలు ఏ నిఘంటువులోనూ లేనివి. వాటిని జనం ఎత్తుకుని ఇళ్లకు తీసుకుపోయారు, ఈనాటికీ వాడుతున్నారు. అక్కడ రచయిత జనం నోటిని నమ్మాడు, ఇక్కడ జనం తెలివిని శంకించాడు. పాండవోద్యోగ విజయాల పద్యాలు అక్షరం రాని పాలేర్లకు కంఠతా వచ్చిన నేల మాది. తెల్లవార్లూ చలిలో కూర్చుని, రాగం బాగుంటే ‘వన్స్‌మోర్’ అనీ, తప్పు చదివితే దిగిపొమ్మనీ అన్న జనం వాళ్లు. అభిమానం అంటే అదీ! రాయబారం పద్యం ఎలా వుండాలో వాళ్లకు తెలుసు, వేషగాడు ఎంత పేరున్నవాడైనా క్షమించేవారు కారు.

5

ఈనాటి వీరాభిమానికి ఆ హక్కు లేకుండా పోయింది. ఆ హక్కును అతడే వదులుకున్నాడు. మొదటి రోజు మొదటి ఆటకు టిక్కెట్టు ఎంతైనా పెట్టి కొంటాడు. కటౌటుకు పాలు పోస్తాడు. సినిమా ఎలా వుందని అడిగితే ఎన్ని కోట్లు వసూలయిందో చెబుతాడు. పంట అమ్ముకున్న రైతు మిల్లు యజమాని లాభం చూసి గర్వపడినట్టుంటుంది ఇది. ఆ కోట్లలో ఇతడి వాటా ఏమిటి? జేబులోంచి పోయిన టిక్కెట్టు డబ్బు!

ఇతడు అడిగే ప్రశ్నలు కూడా ఎవరో తయారుచేసి ఇచ్చినవే. 2015 జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. అది ఏ గ్రంథానికీ నేరుగా అనుసరణ కాకపోయినా, అన్నదమ్ముల రాజ్యతగాదా, తల్లి మాట, వనవాసం అన్నీ మన ఇతిహాసాల బియ్యంతో వండిన అన్నమే. ఆ నాటి నుంచి 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా దేశమంతా ఒకటే ప్రశ్న వేసింది: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? దాదాపు రెండేళ్లపాటు మా మండపేట సెంటర్లో టీ తాగే ప్రతివాడి దగ్గరా దానికొక జవాబు వుండేది. కట్టప్ప బానిసగా ఎందుకున్నాడు అని ఒక్కడూ అడగలేదు. తాతల నాటి మాట కోసం ఒక వీరుడు తరతరాలుగా సింహాసనం కాళ్ల దగ్గర పడివుంటే, దాన్ని విశ్వాసమనే పేరుతో మనం చప్పట్లు కొట్టాం. ఇరవై ఒకటో శతాబ్దంలో, పాలేరుతనం చూసిన తాతలు ఇంకా బతికివున్న గ్రామాల్లో!

దీనికి పక్కన 1951 నాటి ‘పాతాళభైరవి’ని పెట్టి చూడండి. అదీ అద్భుత కథే. మా గోదావరి మండలంవారైన మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ‘కాశీమజిలీ కథల’ ఛాయా, అల్లాఉద్దీన్ దీపం ఛాయా అందులో వున్నాయి. కాశీకి పోతూ మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు ఒక పశులకాపరి కుర్రాడికి చెప్పిన కథలవి. అంటే ఆ కథలకు మొదటి శ్రోత ఒక గొల్లపిల్లవాడు. సినిమాలో తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని కోరుకున్నాడు, మాంత్రికుణ్ణి ఎదిరించాడు, గెలిచాడు. చివర్లో అతడు ఏ రాజవంశంలోనో తప్పిపోయిన బిడ్డ అని తేలలేదు, తోటమాలి కొడుకుగానే గెలిచాడు! ‘బాహుబలి’లో కొండజాతి తల్లి పెంచిన కుర్రాడు జలపాతం ఎక్కింది మాత్రం తాను రాజు బిడ్డ కావడం వల్లనే అని తేల్చారు. ఆరు దశాబ్దాల్లో తెర పెద్దదయింది, మనిషి చిన్నవాడయ్యాడు.

ఇక కర్ణార్జునుల తగాదా. రంగస్థలంలో కృపాచార్యుడు కర్ణుడి కులగోత్రాలు అడిగిన ఘట్టం వ్యాసుడిలోనూ వుంది, నన్నయలోనూ వుంది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూర కర్ణ’లో కొండవీటి వెంకటకవి మాటలు రాసి, రామారావు చేత పలికిస్తే ఆ ఘట్టం ఊరూరా మారుమోగింది. పందెం చూడవచ్చినవాణ్ణి కులం ఎందుకడుగుతారన్నది అక్కడి ప్రశ్న. కర్ణుడు మచ్చలేనివాడని నేననను. నిండుసభలో ద్రౌపదిని అవమానించినవాళ్లలో అతడూ వున్నాడు. ఆ రెండూ కలిపి చూడగలిగినవాడే పాఠకుడు. నా క్లాసులోని కుర్రాళ్లు బాణాలు లెక్కపెట్టారు. కులం అడిగిన సంగతీ, ద్రౌపది అడిగిన ధర్మసందేహమూ రెండూ ఆ లెక్కలో గల్లంతయ్యాయి.

6

చివరగా మన మిత్రులతో ఒక మాట. అభ్యుదయవాదుల్లో కొందరు, ‘పురాణాల సినిమాలన్నీ అభివృద్ధి నిరోధకాలే, వాటి గురించి మనకెందుకు?’ అంటారు. ఈ మాట వినడానికి సాహసంగా వుంటుంది, ఆచరణలో మాత్రం పారిపోవడమే. జనం ఆ కథలను వదిలిపెట్టలేదు. మనం వదిలిపెట్టినంత మాత్రాన అవి ఖాళీగా వుండవు. మూలభక్తుడు ఒక పక్కా, వసూళ్ల లెక్కగాడు మరో పక్కా పట్టుకుపోతారు. త్రిపురనేని పురాణాలను వదిలిపెట్టలేదు, వాటిలోపలికి వెళ్లి నిలదీశాడు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుకున్న ఆడవాళ్లు మనకంటే ముందే ఆ పని చేశారు.

కాబట్టి మన కొలత సూటిగా వుండాలి. కథ మారిందా అని కాదు, ఆ మార్పుతో ఎవరి గొంతు వినిపించింది, ఎవరి గొంతు నొక్కుకుపోయింది అని అడగాలి. ఊర్మిళ మేల్కొన్న మార్పు మనది. తోటమాలి కొడుకు గెలిచిన మార్పు మనది. ఊరు అన్న మాటను ఒక్క కులం నోట పెట్టిన మార్పు, పుస్తకం ఎంత పాతదైనా, సినిమా ఎంత గొప్పదైనా, మనది కాదు.

ఆ అమ్మాయికి మర్నాడు క్లాసులో అందరి ముందూ జవాబు చెప్పాను. ఉత్తరకాండలోని భద్రుడి ఘట్టం తెలుగులో చదివి వినిపించాను. ఇన్నేళ్లూ నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. వెనక బెంచీ కర్ణాభిమాని లేచి “అయితే మాస్టారూ, అన్నది ఊరంతానా అండీ?” అన్నాడు. అవునన్నాను. “మరి తిట్లు ఒక్కళ్లకేనా అండీ?” అన్నాడు. ఆ కుర్రాడు ఆ క్షణంలో వీరాభిమాని కావడం మానేసి విమర్శకుడయ్యాడు.

ఈ పని ఒక్క క్లాసులో అయ్యేది కాదు. ఇతిహాసం మీద సినిమా వచ్చిన ప్రతిసారీ మన సంఘం శాఖలు ఆ ఊళ్లో ఒక సాయంకాలం సభ పెట్టాలి. సినిమా చూసిన కుర్రాళ్లను పిలవాలి. గ్రంథంలోని ఆ ఘట్టాన్నీ, దాని మీద మన కవులూ, నాటకకర్తలూ, పాటలు కట్టిన ఆడవాళ్లూ చెప్పిన రూపాలనూ పక్కపక్కన చదివి వినిపించాలి. తర్వాత వాళ్లను మాట్లాడనివ్వాలి. మండపేటలో మొదటి సభకు చోటు చూసే పని నాది.